దుకాణం కల్లు, నిద్రగోలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముసలివాళ్లను మత్తులో పడుకోబెట్టడం కూడా ఒక తెలివే అనుకునేవారు. తలుచుకుంటే ఇప్పటికీ ఛీ అనిపిస్తుంది.

మాది దౌల్తాబాద్ దగ్గర పల్లె. మా నాయనమ్మకు నోరెక్కువ. ఇంటికెవరొచ్చినా పక్కన చేరి వాళ్ల వంశమంతా ఆరా తీసేది. ఒకరోజు మా పెదనాన్న కొడుకుని చూసుకోవడానికి తాండూరు నుంచి పిల్ల తరఫువాళ్లు వస్తున్నారు. ముసలమ్మ పరువు తీస్తుందని పెదనాన్న భయం. పొద్దున్నే దుకాణం కల్లు తెచ్చి తాపించాడు. అందులో మత్తు పొడి కలుపుతారని ఊరందరికీ తెలుసు. అది చాలదన్నట్టు తన నిద్రగోలి ఒకటి మింగించాడు. "కల్లు జల్ది ఎక్కుతది, జల్ది దిగుతది. గోలి మెల్లగ ఎక్కుతది గాని పొద్దుగూకేదాక దిగదు. రెండూ పడితె మనకు ఫికర్ లేదు" అన్నాడు మీసం దువ్వుకుంటూ. కన్నతల్లి విషయంలో లెక్క కట్టి మరీ!

మధ్యాహ్నానికి నాయనమ్మ నోరు తెరుచుకుని పడి ఉంది. చొంగ కారుతోంది, పెదాల మీద ఈగలు. గురక ఆగి ఆగి వస్తోంది. మా అమ్మ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి కేక పెట్టింది. చుట్టాలొచ్చిన జీపులోనే తాండూరు ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఏం మింగిందని డాక్టరు అడిగితే "ఒక్క గోలి సార్, గంతే" అన్నాడు పెదనాన్న. కల్లు ఊసే లేదు. మా అమ్మ అప్పటిదాకా బావగారి ముందు నోరెత్తి ఎరుగదు. నెత్తి మీద కొంగు తీయకుండానే గొంతు లేపింది. "కల్లు గూడ తాపిండు సార్. పొడి కలిపిన కల్లు."

"కల్లు గూడ మందేనా? చెట్టు పాలు గది!" అని పెదనాన్న గుడ్లురిమాడు. డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూసి, రెండూ ఒకే పని చేస్తాయని, ఒకదాని మీద ఒకటి పడితే వచ్చేది నిద్ర కాదని, ఊపిరే ఆగిపోతుందని చెప్పాడు. వెంటనే ఆక్సిజన్ పెట్టించాడు.

మర్నాడు కళ్లు తెరిచి నాయనమ్మ అడిగిన మొదటి మాట, "చుట్టాలొచ్చిండ్రా? నా కొత్త చీర ఏడుంది?" పెదనాన్న గోడ వైపు తిరిగాడు.

ఇప్పుడు నాకు నాయనమ్మ వయసు. ఇంకేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడిగితే కల్లు దగ్గర్నుంచి దగ్గుమందు దాకా అన్నీ చెబుతాను, పక్కన కోడలు సిగ్గుతో చచ్చిపోయినా సరే. ముసలామెకు ఒక గోలి వేసి పడుకోబెట్టండని ఎవరైనా అన్నారా, వాళ్లను కడిగేస్తాను. నోరెక్కువ అంటారు నన్ను కూడా. అననీ. ఆ రోజు మా అమ్మ తెరిచిన నోరది.