పెద్దమ్మ విన్న మక్క కంకి

అలియాబాద్ దగ్గర హైవే పక్కన బొగ్గుల మీద మక్క కంకి చిటపటమంటే చాలు, నా బండి దానంతటదే ఆగిపోతుంది. ఆ కాలిన తీపి వాసనతో గౌడవెల్లిలో మా పక్కింట్లో ఉండే అనసూయ పెద్దమ్మ గుర్తొస్తుంది. చుట్టం కాదు. మా రెండిళ్ల నడుమ గోడ మీద నుంచే నా నోటి మీద సర్వహక్కులూ సంపాదించుకున్న మనిషి.

కొన్నేళ్ల కిందట నా ఎడమవైపు చిగుళ్లు పూరీల్లా పొంగాయి. నేను ఉమ్మిన చోటు చూస్తే పోలీసులు పంచనామాకు వస్తారేమో అన్నంత నెత్తురు. నోటి వాసనకు బస్సులో సీటంతా నాకే దక్కేది. పుండును కదపకూడదన్న గొప్ప తెలివితో ఆ వైపు తోమడమే మానేశాను. అది ఇంకా వాచింది. యాభై దాటకముందే పళ్లన్నీ రాలి, గటకో జావో జుర్రుకుంటూ బతకాలేమోనని దిగులు పట్టుకుంది. డాక్టరు దగ్గరికి పోదామంటే, ఆయన పటకారుతో గుమ్మంలోనే కాచుకుని ఉంటాడని భయం.

ఒక పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే పెద్దమ్మ గోడ మీద నుంచి చూసి, ఎడమవైపు ఎందుకు తోమవని అడిగింది. చెప్పాను. ఆమె తన నోట్లో వేలు పెట్టుకుని, పలువరుస మొత్తం తీసి గోడ మీద పెట్టింది. అంత చక్కటి పళ్లు కట్టుడువని అప్పటిదాకా నాకు తెలియదు.

"నేను గూడ నెత్తురొస్తాందని తోముడు బంద్ జేసిన, బిడ్డా. ఇగ సూడు, గోడ మీదున్నయి. మక్క కంకి కొరకక ఎన్నేండ్లాయెనో."

ఆ రోజు నుంచి నా నోట్లో మిలటరీ పాలన. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించాలి. మెత్తటి బ్రష్‌తో చిగురు అంచున, పసిబిడ్డ తల దువ్వినట్టు తోమాలి. నేను పౌరుషంగా రుద్దుతుంటే, "పండ్లు తోముతున్నవా, బోళ్లు తోముతున్నవా?" అని వాడంతా వినేలా అడిగింది. నెత్తురు తగ్గుముఖం పట్టింది. కానీ పళ్లకు పట్టిన గార ఉప్పునీళ్లకు పోదని, మేడ్చల్ డాక్టరు దగ్గరికి తనే లాక్కెళ్లింది. ఆయన గార తీసి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చూసి, ఒక్క పన్ను కూడా తీయనక్కర్లేదన్నాడు. కుర్చీతో సహా గాల్లోకి లేచాను.

తిరుగుదారిలో పెద్దమ్మ ఆటో ఆపించి కంకి కొని నా చేతిలో పెట్టింది. ఆమె ముందు తినలేక తటపటాయించాను.

"నువ్వు కొరుకు, నేను వింట."

కరకర కొరికాను. ఆమె కళ్లు మూసుకుని, కచేరీకి వచ్చినట్టు తల ఊపుతూ విన్నది.

ఇప్పుడామె నాగారంలో కూతురి దగ్గరుంటోంది. ఇవాళ కూడా కంకి కొని ఫోన్ చేశాను. హలో అనకుండా కొరికాను. అవతలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఎడమదిక్కు కొరుకు, బిడ్డా."