వాపసు ముద్ర

నిన్న నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన కొత్త స్టాంపు ప్యాడ్ తెరిచి, నా గేట్‌పాసు మీద ఠప్పున ముద్ర కొట్టాడు. ఆ ఊదారంగు సిరా వాసనకి లిఫ్టులో పధ్నాలుగో అంతస్తు దాకా యాదగిరి సారే కళ్లముందు మెదిలారు.

ఆయన నా మొదటి ఉద్యోగంలో అకౌంట్స్ విభాగానికి పెద్ద. సిద్దిపేట వైపు మనిషి. ఆ కంపెనీ బాలానగర్ షెడ్డులో లేతు మిషన్లతో మొదలై, సాఫ్ట్‌వేర్‌లోకి దిగి, అద్దాల టవరుకి మారింది. మారడానికి డబ్బు చాలక, షెడ్డు మూసినప్పుడు పాత కార్మికులకి ఇచ్చిన సొమ్ములో కొంత వాళ్ల ఇష్టంతోనే వాటాలుగా తీసుకున్నారు. ఏటా కొంత డివిడెండు, ఐదేళ్లకి అసలు తిరిగిచ్చి కంపెనీ ఆ వాటాలు రద్దు చేయాలి. మేం రిడీమబుల్ షేర్లు అనేవాళ్లం. సారు మాత్రం వాపసు వాటాలు అనేవారు. అసలు తిరిగిచ్చాక వాటా పత్రాల మీద కొట్టడానికి ‘వాపసు ఇచ్చితిమి’ అని రబ్బరు ముద్ర మొదటి రోజే చేయించి సొరుగులో పెట్టుకున్నారు. ఐదేళ్ల తర్వాతి పనికి ఇప్పుడే ముద్రేమిటని నేను నవ్వాను.

"అప్పు తెచ్చి వీటిని వాపసిచ్చుడు చట్టం ఒప్పుకోదు బిడ్డా. లాభంలకెల్లి ఇయ్యాలె, లేకుంటే కొత్త షేర్లు అమ్మి ఇయ్యాలె. అందుకే ఏటా కొంత పక్కకు పెడుతున్న. ముద్ర కండ్లముంగట ఉంటే నాకు యాదికుంటది," అన్నారు.

అన్నట్టే పక్కన పెట్టారు కూడా. కానీ గడువు దగ్గరపడేసరికి మా ఎండీకి ఆ లాభంతో ఇంకో అంతస్తు తీసుకోవాలనిపించింది. సారు కంటి ఆపరేషన్‌కి సెలవులో ఉన్నారు. పాత వాటాల బదులు మూడేళ్ల గడువుతో కొత్తవి తీసుకోవడానికి ఒప్పుకుంటున్నామని కార్మికుల చేత సంతకాలు పెట్టించమని ఎండీ నాకు చెప్పారు. ప్రమోషన్ మాట కూడా కదిపారు. నేను ఇంగ్లిషులో పత్రం తయారు చేసి, పైన మాత్రం వాపసు అనే అర్థం వచ్చేలా రిడెంప్షన్ అని పెద్ద అక్షరాలతో పెట్టాను.

లేతు పనిచేసిన నర్సింలు గారు పెన్ను పట్టుకుని, "ఇది వాపసు కాగితమే గద మేడం? పైసలొస్తే సెకండ్‌హ్యాండ్ లేతు తీసుకుంట. సొంత షెడ్డు ఏస్త," అన్నారు.

"అవునండి, రిడెంప్షన్ కాగితమే," అన్నాను. తెలిసే అన్నాను.

వారం తర్వాత సారు నల్లకళ్లద్దాలతో వచ్చి, ఆ పత్రాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివారు. "తెలుగుల చెప్పినవా బిడ్డా వాళ్లకు?"

"సంతకం పెట్టేముందు వాళ్లే చదివించుకోవాలి కదండీ."

"రిడెంప్షన్ అంటే వాళ్లకు పైసలొచ్చుడే. నీకది ఎరుకే."

ఆయన ఎండీ గదిలోకి వెళ్లి గట్టిగా వాదించారు. ఫలితం లేదు. సాయంత్రం రాజీనామా ఇచ్చి, సొరుగులోని ముద్ర తీసి నా టేబుల్ మీద పెట్టారు. "ఇగ ఇయ్యాల్సింది నువ్వే. జర యాదికుంచుకో." అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

మూడేళ్లకి సొమ్ము అందరి ఖాతాల్లోనూ పడింది. ఆ సంగతి చెప్పడానికి సారుకి ఫోన్ చేస్తే వాళ్లమ్మాయి ఎత్తి, ఆయన పోయి నాలుగు నెలలైందంది. క్షమించమని అడగడానికి ఎప్పుడూ రేపు ఉందనుకున్నాను.

ఆ వారమే నర్సింలు గారు తన వాటా పత్రం మడిచి జేబులో పెట్టుకుని వచ్చారు. డబ్బు పడింది కదండీ, ఇక ఇది అక్కర్లేదన్నాను.

"సారు ముద్ర కొడతనన్నడు మేడం. అది పడితేనే మాట తీరినట్టు అన్నడు."

సారు ఇచ్చినప్పటినుంచీ నా బ్యాగులోనే ఉన్న ముద్ర తీశాను. ఇన్నేళ్లూ వాడక రబ్బరు గట్టిపడింది. ఎంత నొక్కినా ‘వాపసు’ ఒక్కటే పడింది, పక్కన ‘ఇచ్చితిమి’ పడలేదు. మళ్లీ కొట్టబోతే ఆయన వద్దన్నారు.

"లేతు కొన్నారా అండీ?" అని అడిగాను.

"ఇప్పుడెందుకు మేడం, చూపు ఆనుతలేదు," అని నవ్వి, సిరా ఆరేదాకా ఊది, పత్రం జాగ్రత్తగా మడుచుకున్నారు.

ఇప్పుడు నా దగ్గర సంతకాల పత్రాలు తయారుచేసే పిల్లలు నలుగురున్నారు. తెలుగులో చెప్పారా అని ప్రతిసారీ అడుగుతాను. మేడంకి చాదస్తం అనుకుంటారు. ముద్ర ఇంకా నా బ్యాగులోనే ఉంది. ఆ రెండో మాట కోసం అప్పుడప్పుడూ తెల్లకాగితం మీద నొక్కి చూస్తాను. ఒక్కసారీ పడలేదు.