అమ్మ విన్న నా వీరత్వం

నా అడ్రసు నేనే రాసిచ్చి, నా పరువు తీసే మనిషిని ఇంటికి రప్పించుకున్న ఘనత నాది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకేం అభ్యంతరం లేదు.

రెండువేల నాలుగో, ఐదో. తమిళనాడులోని మా హోసూరులో ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. సాయంత్రాలు బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని, మా ప్రాంతపు తెలుగువాళ్ళ ఈమెయిల్ గ్రూపులో రాజకీయాలు చర్చించేవాణ్ణి. చర్చంటే తిట్టడమే అనుకునే వయసు. మేమంతా తమిళ బళ్ళలో చదివినవాళ్ళం. తెలుగు మాట్లాడతాం గానీ అక్షరాలు రావు. అందుకని తెలుగునంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాళ్ళం.

అప్పటి గొడవ, బాగలూరు పూలతోటల్లోకి ఫ్యాక్టరీలు రావాలా వద్దా అని. నేను రావాలన్నాను. అంచెట్టి వైపు మునియప్ప అనే రైతు వద్దన్నాడు. బి.ఎ. చదివి సేద్యంలోకి దిగిన పెద్దాయన. వారానికోసారి డెంకణికోట బ్రౌజింగ్ సెంటరుకు వచ్చి జవాబు రాసేవాడు: "మీరు చెప్పిందీ ఆలోచించాల్సిందే. కానీ..."

ఆ మర్యాద చూసి, మనిషి భయపడ్డాడనుకున్నాను. "నీ బుర్రలో ఉండేది పేడ" అని రాశాను. మరుసటి వారం "దమ్ముంటే మా ఇంటికొచ్చి మాట్లాడు" అని డోరు నంబరుతో సహా అడ్రసిచ్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కీబోర్డుకూ అది వర్తిస్తుందని నాకెవరూ చెప్పలేదు.

ఆదివారం తలుపు తీస్తే ఎదురుగా ఆయన. భుజాన రాగుల సంచి, చేతిలో కాగితాల కట్ట.

"పిలిచినావు కదప్పా, వచ్చినాను. వట్టి చేతులతో యాడ వచ్చేదని రాగులు తెచ్చినాను."

అమ్మ మురిసిపోయి రాగిముద్ద వడ్డించింది. "అన్నా, మా సీనా మీకెట్ల తెలుసు?"

"కంప్యూటర్లో వాదం పెట్టుకుంటామమ్మా. మాటకు మాట జవాబు చెప్పాలని అన్నీ ప్రింటు తీయించినాను."

"నాకు చదువు రాదు. ఏమి రాసినాడో చదవండన్నా, వింటాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దవాళ్ళను 'నువ్వు' అన్నందుకే నా వీపు మీద చీపురు విరిచిన మనిషి మా అమ్మ.

మునియప్ప కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతూ చదువుతూ పేడ దగ్గరికొచ్చాడు. ఆగి, నా మొహం చూశాడు.

"'మీకుండే అనుభవం నాకు లేదు. అయినా నా బుద్ధికి ఇట్ల తోస్తా ఉంది' అని రాసినాడమ్మా."

"ఇంకా?"

"'ఒకసారి మా ఇంటికొచ్చి ముద్ద తిని పోండి' అన్నాడు."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. "మా వాడు ఇంత మర్యాదస్తుడా!"

సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత బస్సు వేళ దాకా ఫ్యాక్టరీల మీద ఇద్దరం వాదించుకున్నాం. ఒక్కరూ తగ్గలేదు. "నువ్వు చెప్పేది తప్పేనప్పా, ఇంకొంచెం మజ్జిగ పొయ్యి" అంటాడాయన. బస్సెక్కిస్తూ క్షమించమన్నాను.

"దానికేమప్పా! వాదం ఇంకా మిగిలుంది, మళ్ళీ వస్తాను" అన్నాడు.

గండం గడిచిందనుకుంటూ ఇల్లు చేరాను. ఆయన వదిలి వెళ్ళిన కాగితాలను అమ్మ బీరువాలో పెట్టి తాళం వేస్తోంది.

"రేపు మీ అక్క వస్తాది కదా, దానితో ఇంకొకసారి చదివించుకుంటాను."

మా అక్క కృష్ణగిరిలో ఇంగ్లీషు టీచరు. ఉన్నది ఉన్నట్టు చదవడం ఆమె వృత్తి.

ఆ సోమవారం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రాజకీయాల మీద ఏం రాసినా, మా అక్క దాన్ని మా అమ్మకు చదివి వినిపిస్తున్నట్టు ఊహించుకున్నాకే పంపుతాను.