కొత్తపేట బేస్ కదులుతోంది

సిద్ధిరాములు మాట మెత్తన, పని గట్టి. నాకు రెండూ తిరగబడి ఉంటాయి కాబట్టి మొదట్లో అతనంటే కుళ్లుకునేవాణ్ణి. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టాడు. ఒక్క పోగు తప్పినా చీర మీద బొమ్మ చెదిరిపోతుందని తండ్రి వేళ్ల మీద కొట్టి మరీ నేర్పాడట. మగ్గం అన్నం పెట్టడం మానేశాక దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, ఒక సర్వేయరు దగ్గర కొలత గొలుసు లాగే పనిలో చేరాడు. పదేళ్లలో తానే సర్వేయరయ్యాడు. గొలుసులు పోయి ఉపగ్రహాలతో కొలిచే మిషన్లు వచ్చినప్పుడు నాబోటి సర్వేయర్లం గొణుక్కుంటూ కూర్చుంటే, అతను పుస్తకాలు తెచ్చుకుని చదివాడు. అందుకే ఒక చిన్న కంపెనీ నగరం చుట్టూ మూడు బేస్ స్టేషన్లు పెట్టినప్పుడు కొత్తపేట స్టేషన్ అతని చేతికి వచ్చింది.

బేస్ అంటే ఏం లేదు, ఒక డాబా మీద కదలకుండా కూర్చున్న రిసీవర్. ఉపగ్రహాల లెక్క గాలిలోంచి దిగేసరికి మూరెడో బారెడో తప్పుతుంది. తన చోటు తనకు ముందే తెలుసు కాబట్టి బేస్ ఆ తప్పును పట్టేసి, ఫోన్ ద్వారా మాకు పంపుతుంది. దాన్ని పట్టుకుని మేం ప్లాట్ల హద్దులు చూపిస్తాం. బేస్ కదలదన్న నమ్మకం మీదే మా బతుకులన్నీ నడుస్తున్నాయి.

దానికి గట్టి డాబా కావాలి. రైతుబజారు వెనక వీధిలో గంగాధరరావు మాస్టారి నాలుగంతస్తుల ఇల్లు దొరికింది. ఆయనది గుంటూరు వైపు. ముప్పై ఏళ్లు కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పి కట్టుకున్న ఇల్లు అది. కింద షాపు, పైన హాస్టల్ పిల్లలు, నడుమ ఆయనా, భార్య అమ్మాజీ గారూ. ప్రతి శనివారం సిద్ధిరాములు డాబా ఎక్కి యాంటెన్నా తుడిచి దిగేసరికి ఆవిడ కాఫీ కలిపి ఉంచేవారు. మాస్టారు ఉద్యమం గురించి గిల్లేవారు.

“రాష్ట్రం వస్తే మమ్మల్ని తరిమేస్తారటగా, సిద్ధిరాములూ?”

“గా మాట ఎవలన్నరు సార్? మీరేడికీ పోవుడు లేదు. కడుపుల పెట్టుకోని చూసుకుంటం.”

అతను ఆ మాట మనసారా అనేవాడు.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, ఆఫీసులు లేవు. హాస్టల్ పిల్లలు ఊళ్లకు పోయారు, షాపు మూతపడింది. ఆ రోజుల్లోనే నేను బాలాపూర్‌లో ఒక ప్లాటు కొలుస్తుంటే పాత హద్దు రాయి దగ్గర అంగుళం తేడా వచ్చింది. ఫోన్ చేసి విరుచుకుపడ్డాను. “నీ బేస్ తాగి ఉన్నదా ఏంది?” అతను నవ్వి, నా మిషన్‌నే చూసుకోమన్నాడు. మర్నాడు మీర్‌పేట నుంచి ఇంకొకరు అదే మాట అన్నారు. అప్పుడు అతను కొత్తపేట బేస్‌ను మిగతా రెండు స్టేషన్లతో పోల్చి చూశాడు.

ఆగస్టులో నాలుగు మిల్లీమీటర్లు. సెప్టెంబరు మొదటి వారంలో పదకొండు. ఇప్పుడు ఇరవై ఆరు. అంతా ఒకే దిక్కుకు, పడమటికి.

డాబా ఎక్కి చూస్తే బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. పడమటి పిట్టగోడ మీంచి కిందికి చూశాడు. పక్క స్థలంలో కాంప్లెక్సు కోసం రెండు సెల్లార్ల లోతు గొయ్యి తవ్వి, సమ్మెతో పని ఆపేశారు. అడ్డుగోడ కట్టలేదు. వాననీళ్లు నిండి, ఇంటి పునాది కింద మట్టి కొంచెం కొంచెంగా గోతిలోకి జారుతోంది. కదులుతున్నది యాంటెన్నా కాదు, ఇల్లే.

ఆ అంకెలన్నీ రాసిన కాగితం ముందు నాకే చూపించాడు. “గోడకు ఒక్క పర్రె లేదు గదరా, నీ మిషన్‌కు పిచ్చెక్కింది” అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు సిగ్గే.

మున్సిపల్ ఆఫీసుకు పోతే తాళం. దాని ముందున్న సమ్మె టెంటులో కిందటి వారం అతనూ కూర్చున్నాడు. గోతి యజమాని ఫోన్ ఎత్తలేదు. ఇక ఎల్బీనగర్ చౌరస్తా ధర్నా నుంచి నేరుగా, మెడలో ఉద్యమ కండువాతోనే, మాస్టారి ఇంటికి పోయాడు. కండువా తీయాలన్న ఆలోచనే రాలేదట.

“సార్, జర కొన్ని దినాలు ఇల్లు ఖాళీ చెయ్యున్రి.”

మాస్టారి మొహం మాడిపోయింది. “ఏమన్నావ్?”

“ఇల్లు పడేటట్టున్నది సార్. గీ లెక్కలు చూడున్రి…”

“నువ్వు కూడానా! వెళ్లగొట్టడానికి ఇదొక కొత్త పద్ధతా?” కాగితం వైపు ఆయన కన్నెత్తి చూడలేదు. జీవితమంతా అంకెలతో గడిపిన మనిషికి ‘ఖాళీ’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆయన్నీ తప్పుపట్టలేను, ఆ రోజులు అలాంటివి. తర్వాత తెలిసిన ఇంజనీరునెవరినో పిలిపిస్తే, అతగాడు గోడలు తట్టి చూసి దివ్యంగా ఉందని చెప్పిపోయాడు.

మూడు రోజులు వాన పట్టింది. అంకె నలభై ఒకటికి చేరింది. సిద్ధిరాములుకు అన్నం సహించడం లేదని అతని భార్య రజిత నాకు ఫోన్ చేసి ఏడ్చింది. గురువారం పొద్దున అతను మా ఇంటికొచ్చాడు. కళ్లు లోతుకు పోయి ఉన్నాయి.

“నిజం చెప్తె ఇంటలేరన్నా. భయపడ్తెనన్న పోతరేమో.”

నన్ను మాస్టారి వీధి చివర నిలబెట్టి ఒక్కడే గేటు దాకా నడిచాడు. కంకర రాయి తీసి, తను కాఫీ తాగే ముందు గది కిటికీకి గురిపెట్టి కొట్టాడు. అద్దం భళ్లుమంది. మెత్తని మాట తప్ప ఎరుగని నోటి నుంచి అరుపు వచ్చింది.

“ఇది మా గడ్డ! గంటల ఇల్లు ఇడిశిపెట్టి పోవాలె! లేకుంటె నూరుమందిని తోల్కొస్త!”

అమ్మాజీ గారు బాల్కనీలోకి వచ్చారు. “నువ్వా బాబూ?” అన్నారు. గంట తిరక్కుండా రెండు సూట్‌కేసులతో ఆటో ఎక్కి వనస్థలిపురంలో చుట్టాలింటికి వెళ్లిపోయారు.

శనివారం పొద్దున పదిన్నరకు కొత్తపేట బేస్ నుంచి సిగ్నల్ ఆగిపోయింది. మేం పరుగెత్తుకుని వెళ్లేసరికి నాలుగంతస్తులూ గోతిలోకి పక్కకు ఒరిగి కుప్పగా పడి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

మాస్టారు మర్నాడు వచ్చారు. సిద్ధిరాములు కాగితం పట్టుకుని ఎదురుగా పోతే, అమ్మాజీ గారు భర్త వెనక్కి జరిగారు. ఆ జరగడం చూసి అతను మూడడుగుల దూరంలోనే ఆగి, అంతా చెప్పాడు. మాస్టారు కాగితం తీసుకుని, పెదాలు కదుపుతూ ప్రతి అంకెనూ రెండుసార్లు చూశారు.

“లెక్క సరిగ్గానే ఉంది. మమ్మల్ని బతికించావు” అన్నారు. కాగితం జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చారు. “కానీ ఆ రోజు గేటు దగ్గర నువ్వు చేసింది నటన కాదు, సిద్ధిరాములూ. ముప్పై ఏళ్లు పరీక్షలు పెట్టినవాణ్ణి. చూసి రాసిందేదో, సొంతంగా రాసిందేదో నాకు తెలుస్తుంది.”

చౌరస్తా దాకా నేనూ సిద్ధిరాములూ నడిచాం. అక్కడ ఆగి, తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

“నటిస్తున్ననే అనుకున్ననన్నా” అన్నాడు. “కానీ అద్దం పగిలినప్పుడు నాకు హాయనిపించింది.”