ద్రాక్ష తొట్ల దగ్గర గడిచిన ఈస్టరు

మొన్న శనివారం మా కోడలు ఫోను పట్టుకొచ్చి నా పక్కన కూర్చుని, "అత్తయ్యా, కోప్పడనంటే ఒకటి చూపిస్తా" అంది. మాదాపూర్‌లో తన ఆఫీసువాళ్లంతా కలిసి ఎక్కడో వైను తయారుచేసే తోటకు సరదాగా వెళ్లారట. చెప్పులు విడిచి, చెక్క తొట్టిలో దిగి, ద్రాక్షపళ్లు తొక్కుతూ ఒకరిమీద ఒకరు పడి నవ్వుతున్న ఫొటోలు అవి. నేను కళ్లజోడు సర్దుకుని చూసి, గుత్తులు సగం పచ్చివేననీ, వాటికింకా తీపి ఎక్కలేదనీ అనేసరికి, ఆదివారం అందరికంటే ముందు గుడికి బయలుదేరే అత్తగారికి ఈ సంగతులెలా తెలుసునని ఆ పిల్ల ఫోను పక్కన పెట్టేసి అడిగింది.

గచ్చిబౌలి అవతల, ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట, బండరాళ్ల మధ్య, పెళ్లికి ముందు నేను పనిచేసిన యజమానికి ఒక ద్రాక్ష తోట ఉండేది. కోసిన పళ్లు బజారు చేరేలోపే చితికిపోతున్నాయని విసిగి, తోట చివర రేకుల షెడ్డు వేసి, చిన్న వైను కార్ఖానా పెట్టుకున్నాడాయన. నేను రసాయనశాస్త్రంలో డిగ్రీ పూర్తిచేసి, కూకట్‌పల్లి కాలనీలో మా పిన్ని ఇంట్లో ఉంటూ పని వెతుక్కుంటున్న రోజుల్లో, రసం పరీక్షించే పనికి నన్ను తీసుకున్నాడు. పల్లెలో దేవుని వాక్యం చెప్పుకుని బతికే మా నాన్నకు, ఒక్క చుక్కయినా నోట పెట్టనని మాటిచ్చి మరీ చేరాను. ఆ మాట విని యజమాని మొదట తల పట్టుకున్నాడు.

"రుచి చూడకుంట ఎట్ల చెప్తవ్ తల్లీ? జర నాలుక మీద పెట్టుకో."

నేను కదలకపోయేసరికి, "మంచిగనే ఉంది, సీసాలు మాయమైతయని నీతోని నాకు ఫికర్ లేదు ఇగ" అని నవ్వేశాడు. అప్పటినుంచి రుచి ఆయనది, లెక్క నాది.

మాఘం వెళ్లాక కోతలు మొదలయ్యేవి. ఆడవాళ్లు వరసగా కూర్చుని తొడిమలు తీసేవారు. చేత్తో తిప్పే యంత్రంలో నలిగిన పళ్లు తొక్కతో సహా సిమెంటు తొట్లలో పడేవి. ఒకటి రెండు రోజుల్లో రసం తనంతట తనే బుసబుసా పొంగి, తొక్కంతా మందమైన తెట్టులా పైకి తేలేది. దాన్ని పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం కర్రతెడ్లతో లోపలికి తొక్కిపట్టాలి, లేకపోతే పైన పులిసి తొట్టి మొత్తం పాడవుతుంది. ఎండ ముదిరితే తొట్ల చుట్టూ మంచుగడ్డలు పేర్చేవాళ్లం. నేను గాజు గొట్టం తేల్చి, తీపి ఎంత తగ్గిందో చూసి, చాలనగానే రసం వడగట్టి పీపాలకెక్కించేవారు. నెలల తర్వాత నిండిన సీసాలు ఆబ్కారీవారి తాళం పడిన గదిలోకి చేరేవి.

అయితే తొట్టికి ఆదివారమని తెలియదు, శ్రమల దినాలని అసలే తెలియదు. ఈస్టరుకు ముందు సంఘమంతా ఉపవాస ప్రార్థనల్లో ఉండే ఆ నలభై రోజులే మాకు ఊపిరాడని కాలం. మా బాబాయి సంఘ పెద్ద. నా చేతులకు పట్టిన ఊదారంగు ఎంత నిమ్మకాయతో రుద్దినా వదలకపోవడం చూసి చూసి, ఒక ఏడు మట్టలాదివారం రాత్రి భోజనాల దగ్గర, వచ్చే ఆదివారం ఈస్టరుకు నేను ప్రభువు బల్లలో చెయ్యి వేసి రొట్టె తీసుకోవడం తగదనీ, ఏ సంగతీ పాస్టరు అయ్యగారే తేలుస్తారనీ అన్నాడు. ఉద్యోగం పోతే ఇంకొకటి దొరకవచ్చు; బల్లకు దూరమైతే ఇక నేనెవరిదాన్ని? ఆ వారమంతా ఎవరితోనూ చెప్పుకోలేక తొట్ల దగ్గరే ప్రార్థన చేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం అయ్యగారు స్కూటరు మీద షెడ్డుకు వచ్చారు. నా సంగతి తేల్చడానికే వచ్చారనుకున్నాను. ఆయన మాత్రం తొట్టిమీద అరచెయ్యి ఆనించి, కింద మంట లేకుండానే ఇంత వేడేమిటని చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోయారు. తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని వాళ్ల ఊళ్లు అడిగారు. పోతూ పోతూ, రేపు పొద్దున ఈ పని ఎవరు చూస్తారన్నారు. తెల్లారకముందే వచ్చి చూసుకుని గుడికి వస్తానన్నాను. తలూపి వెళ్లిపోయారు. ఏమీ తేల్చలేదు.

ఈస్టరునాడు తెల్లచీర కట్టుకుని, చేతులు కొంగులో చుట్టుకుని, గుడి గుమ్మం పక్కనే నిలబడ్డాను, పొమ్మంటే వెంటనే పోవచ్చని. ఆరాధన మొదలవబోతుండగా అక్కడే బాబాయి అయ్యగారిని అడిగాడు, "మా పిల్ల సంగతేం చేద్దామండీ?"

"తాగుడు పాపమని నేనే చెప్తానండీ. తోటలో కష్టపడ్డం పాపమని ఎప్పుడైనా చెప్పానా? చీకటితో లేచి పనిచేసి పరుగెత్తుకొచ్చింది, ఆకలేస్తుంటుంది. లోపల కూర్చోబెట్టండి."

బాబాయి నాకు పిన్ని పక్కన చోటు చూపించాడు. రొట్టె పళ్లెం పట్టుకుని మా వరసకు వచ్చినప్పుడు మాత్రం ఒక క్షణం ఆగాడు. పక్కనుంచి మా పిన్ని, "చేతులలా దాచుకుంటే రొట్టె నోట్లోకి ఎగిరొస్తుందా, తియ్యవే" అని నా కొంగు లాగేసింది. "తీసుకో అమ్మాయ్" అన్నాడు బాబాయి, మెల్లగా. ఊదారంగు వేళ్లతోనే తీసుకున్నాను. వారం రోజులుగా గుండెలమీదున్న బరువు దిగిపోయి, పాట అందుకోవాల్సిన చోట ఏడుపు వచ్చేసింది.

తోట ఏనాడో అమ్ముడుపోయింది. మా సంఘం ఇప్పుడు పెద్దది. పక్కన కూర్చున్నవాళ్లను ఏం చేస్తుంటారంటే సాఫ్ట్‌వేర్ అంటారు, మాట అంతటితో అయిపోతుంది. పని చూసి ఎవరినీ ఎవరూ బల్ల దగ్గర ఆపరు, అందుకు దేవునికి స్తోత్రం, నాలా గుమ్మం పక్కన నిలబడే పిల్ల మరొకతె ఉండకూడదు. కాకపోతే, ఎవరి కష్టం ఎలాంటిదో కళ్లారా చూసి పోదామని ఆ అయ్యగారిలా అంతదూరం వచ్చేవాళ్లు కూడా ఇప్పుడు లేరు.