చీటీ అంటించని హార్మోనియంలు

జగ్గయ్యపేటలో వాయిద్యాల కొట్టు నడిపిన మా తాతయ్య మొన్న వేసవి చివర్లో పోయారు. పొద్దున కాఫీ తాగి, చెంచాతో గ్లాసు మీద ఓసారి కొట్టి, ‘దీనికి నాదమే లేదు’ అని విసుక్కుని, పడక కుర్చీలో అలా వాలిపోయారట. అమ్మ ఫోన్లో ఈ మాట చెబుతూ ఏడుస్తూనే నవ్వింది. నందిగామ నుంచి బస్సులో వెళ్తూ నేనూ అదే పని చేశాను.

ఆయన దగ్గర కొనడం అంత తేలిక కాదు. హార్మోనియం కావాలంటే ముందు పాడాలి. ‘గొంతు వినకుండా పెట్టె ఇస్తే, కాలు చూడకుండా చెప్పులిచ్చినట్టేనండి’ అనేవారు. గరికపాడు నుంచి ఓ లారీ డ్రైవరు మౌతార్గాన్ కోసం వస్తే అతన్నీ వదల్లేదు.

‘నోటితో ఊదేదే కదండీ, పాడటం దేనికి?’ అన్నాడతను.

‘ఊపిరి ఏపాటిదో చూడొద్దూ?’

పాపం, అతను సిగ్గుపడుతూ మొదలుపెట్టి, చాలు చాలంటున్నా ఆపలేదు. మీలో ఎవరైనా ఆ కొట్టు మెట్లెక్కి ఉంటే మీరూ పాడే ఉంటారు.

బాగుచేతకు వచ్చిన పెట్టెలకు ఆయన ఊరి పేరు రాసి చీటీ అంటించేవారు కాదు. ఒక్క మెట్టు నొక్కి, నాదం విని, ఇది ఫలానా ఊరిదని చెప్పేసేవారు. ‘చీటీలు చెవుల్లేని వాళ్ళకి’ అని గొప్పలు పోయేవారు. చిన్నప్పుడు నేను ఆయన కళ్ళకు తువ్వాలు కట్టి మరీ పరీక్ష పెట్టేదాన్ని. ఎప్పుడూ తప్పలేదు.

తప్పింది ఒక్కసారేనట. ఆ సంగతి పోయిన చలికాలంలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు.

‘అప్పుడు నాకు జలుబు చేసి చెవులు దిబ్బడేశాయి అమ్మాయ్. చెవిటికల్లు భజన వాళ్ళ పెట్టె, వత్సవాయి చర్చి వాళ్ళ పెట్టె ఒకే వారం బాగుచేశా. చూడ్డానికి రెండూ ఒకటే. వీళ్ళది వాళ్ళకి, వాళ్ళది వీళ్ళకి ఇచ్చేశా.’

‘మరి చెప్పలేదేం తాతయ్యా?’

‘తెలిసేసరికి నెల దాటింది. కొట్టు పరువు పోద్దని నోరు మూసుకున్నా. ముప్పై ఏళ్ళ నుంచి మనసులో గుచ్చుకుంటానే ఉంది. నేను పోయాక నువ్వే చెప్పి, ఎవరిది వాళ్ళకి ఇప్పించు.’

సరేనన్నాను గానీ, దిగులు పట్టుకుంది. అందరూ మెచ్చుకునే ఆ చెవుల మీద, ఆయన లేని రోజున, నా నోటితో మచ్చ వేయడమా?

పెద్దకర్మ రోజున రెండు ఊళ్ళవాళ్ళూ ఆయన కోసం పాడదామని పెట్టెలతోనే వచ్చారు. భోజనాలయ్యాక, కొట్టు అరుగు మీద నిలబడి, అంతా చెప్పేశాను.  చెవిటికల్లు భజన పెద్దాయన పకపకా నవ్వారు.

‘ఆయనకీ చెవులు దిబ్బడేస్తాయన్నమాట! సరేనమ్మా, మా పెట్టె మాకిప్పించండి.’

మార్చుకున్నారు. పెద్దాయన పాట ఎత్తుకుని, సగంలోనే ఆగిపోయారు.

‘ఇది మరీ బొంగురుగా ఉందండీ. మాది సన్నగా పలుకుద్ది.’

చర్చిలో పాట నడిపించే టీచరుగారు కూడా రెండు మెట్లు నొక్కి మొహం చిట్లించారు. ‘ఇదేంటండీ, ఇంత కీచుగా ఉంది! మా ఆడవాళ్ళందరికీ ఆ నిండు నాదమే అలవాటు. మా పెట్టె మాకిచ్చేయండి బాబూ.’

మళ్ళీ మార్చుకున్నారు. గొంతుకు తగ్గ పెట్టె ఇవ్వాలనేవారు తాతయ్య. ఈ ముప్పై ఏళ్ళలో గొంతులే పెట్టెలకు తగ్గట్టు కుదురుకున్నాయి. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయానే అని మాత్రం నాకు ఏడుపొచ్చింది.

‘ఇంకోసారి మారిపోకుండా చీటీలు రాయమ్మా’ అన్నారు టీచరుగారు.

ఆ కొట్లో మొదటిసారి చీటీలు రాశాను. ముప్పై ఏళ్ళ కిందట చెవిటికల్లు నుంచి వచ్చిన పెట్టె మీద వత్సవాయి అని, వత్సవాయి నుంచి వచ్చిన దాని మీద చెవిటికల్లు అని. బంక ఆరకముందే ఒక వ్యాను వత్సవాయి దారి పట్టింది, ఇంకొకటి చెవిటికల్లు వెళ్ళడానికి నందిగామ వైపు తిరిగింది. రెండింట్లోనూ పాడుతూనే ఉన్నారు.