టైర్లకు తలంటిన రోజు

ఇంట్లో సీకాయ నానబెట్టిన వాసన వస్తే అందరికీ తలస్నానం గుర్తొస్తుంది. నాకు మాత్రం నాలుగు టైర్లు, వాటి ముందు గొంతుకూర్చున్న మునిరత్నం నాయుడన్న గుర్తొస్తారు. ఈ మాట అంటే మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ, ఆమె ఆయన్ను చూడలేదు కదా.

చిత్తూరులో నాయుడన్నకు మోటారు షెడ్డు ఉండేది. నేను ఆయన దగ్గర డ్రైవరును. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో భాకరాపేట కనుమ దిగుతుండగా నా బండి ముందు టైరు పేలింది. గట్టుకు గుద్దుకుని ఆగింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆనాటి నుంచి స్టీరింగు ముట్టుకుంటే చాలు, చేతులు వణికేవి. ఇంకొకరైతే పనిలోంచి తీసేసేవారు. ఆయన మాత్రం, మద్రాసు దారిలో యుద్ధకాలంలో విమానాలు దిగేందుకని వేసి వదిలేసిన మైదానంలో కార్ల పందెం ఉందనీ, తన కారు నేనే తోలాలనీ అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా తోచింది నాకు. కానీ ఆ రోజు తోలకపోతే ఇక జన్మలో తోలనని కూడా నాకు తెలుసు.

పందేనికి ఆయన కొత్త టైర్లు పక్కకు నెట్టి సగం అరిగినవి ఏరుతుంటే ఉండబట్టలేకపోయాను.

“అన్నా, అరిగిన టైరే గదా నన్ను సంపబోయింది?”

“అది అరిగి పేలలేదప్పా శీనా. లోపల నార చిట్లి పేలింది.” నా అరచేతిని పట్టుకుని టైరు లోపలంతా తడిమించారు. “యాడన్నా గరుకు తగిలిందా? లేదు గదా. కొత్తదానికి పైన రబ్బరు దిమ్మెలు ఎత్తుగా ఉంటాయి. మలుపులో మెలికలు తిరిగి కాగిపోతాయి. ఇదైతే ఎండిన నేలను గట్టిగా పట్టుకుంటాది. వాన పడితేనే కొత్తవి.”

బయలుదేరే రోజు తెల్లవారి చూస్తే, ఏరి పెట్టిన ఆ టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. నాయుడన్న భార్య మంగమ్మ వదిన వాటికి పసుపు కుంకుమ పెట్టి, కాణిపాకం విభూది రాసి, ఊరుకోక నువ్వుల నూనె కూడా పట్టించింది. జారిపోతాయని నేను లబోదిబోమన్నాను.

“పరుగు పందేనికి పోయే ఎద్దు కొమ్ములకు పూయమా? ఇదీ అంతే అనుకున్నా,” అంటూ ఆమె బిక్కమొగం వేసింది.

నాయుడన్న కోప్పడలేదు. “నూనె పెట్టినావు గదా, తలంటు గూడా నువ్వే పొయ్యి,” అన్నారు. ఆమె సీకాయ పొడి, వేణ్ణీళ్లు తెచ్చింది. ముగ్గురం కొబ్బరి పీచుతో తోముతూ కూర్చున్నాం. చాలా వారాల తర్వాత నేను నవ్వింది ఆ రోజే.

మైదానంలో ఆయన టైర్ల అంచుల మీదుగా పక్కల దాకా సుద్దతో గీతలు గీసి, నన్ను ఒక చుట్టు తిరిగి రమ్మన్నారు. వచ్చాక వంగి చూశారు. సుద్ద టైరు పక్కల దాకా చెరిగిపోయింది. “గాలి తక్కువై మలుపులో వాలిపోతా ఉండాది,” అని పంపుతో గాలి కొట్టి మళ్లీ పంపారు. ఈసారి సుద్ద అంచు దగ్గరే చెరిగి ఆగింది. అప్పుడు గానీ ఆయన లేవలేదు.

పందెంలో నేను గెలవలేదు. మొదటి మలుపులో ఆ కనుమ గుర్తొచ్చింది, అయినా బండి గీత గీసినట్టు తిరిగింది. అక్కడి నుంచి నాకు పందెం గుర్తుంది, భయం గుర్తులేదు. దిగగానే ఓడిపోయామన్నాను. ఆయన ఈసారి టైర్ల మీది సుద్ద కేసి చూడలేదు.

“టైర్ల సంగతి సరే, నీ చెయ్యి సూపించు.”

టైరు తడిమినట్టే నా అరచేతిని తడిమి చూశారు.

“వణుకు లేదు. పదప్పా, ఇంటికి నువ్వే తోలు.”

ఇంకొకరు తోలుతుంటే రెప్ప వాల్చని మనిషి, వెనక సీట్లో ఒరిగి చిత్తూరు దాకా గుర్రుపెట్టి నిద్రపోయారు. ఆ గుర్రు వింటూ, కళ్లు మసకబారుతుంటే తుడుచుకుంటూ తోలాను. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరైనా దెబ్బ తిని, ఇక నా వల్ల కాదని వచ్చి కూర్చుంటే నేను ధైర్యం చెప్పను. ముందు చెయ్యి చూపించమంటాను.